వంతెన అవతలి పేర్లు

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అమెరికాలో నువ్వు డాక్టరుగా పనిచేసిన ఆ పల్లెటూళ్ల కౌంటీలో నీ క్లినిక్ మూసేయడానికి ఈరోజు కౌంటీ బోర్డు వాళ్లు మీటింగు పెట్టారు. సాయంత్రం నాటింగ్‌హామ్‌లో మా వంటగదిలో కూర్చుని లాప్‌టాప్‌లో చూశాను.

అక్కడ రైలు ఎప్పుడో ఆగిపోయింది, బడి మూతపడింది. మిగిలింది నీ క్లినిక్కే.

"పక్క కౌంటీ ఆసుపత్రి గంట దూరమే. మంచు కరిగి వంతెన మునిగినా, నది అవతల ఇళ్లన్నీ ఖాళీయేగా" అన్నాడు బోర్డు ఛైర్మన్.

నువ్వు చేత్తో గీసి పంపిన మ్యాప్ తీశాను. అందులో ఖాళీ అయిన ఇళ్లు కొట్టేసి, మనుషులున్న వాటికి పేర్లు రాశావు. నది అవతల ఐదు పేర్లున్నాయి. మాట్లాడతానని చెయ్యెత్తాను.

"మమ్, యూ కాంట్! రెసిడెంట్స్ ఓన్లీ" అంది నీ మేనకోడలు.

"నువ్వు కెమెరా సరిగ్గా పెట్టవే."

"మీరీ కౌంటీలో ఉంటారా?" అడిగాడు ఛైర్మన్.

"నేనుండను. మా తమ్ముడుంటాడు. వాడి అస్థికలు మీ నదిలోనే కలిపాం."

నది అవతల ఇంకా ఐదుగురి పేర్లున్నాయంటూ నీ మ్యాప్ కెమెరాకి చూపించాను.

"ఆ పేర్లు చదవండి మ్యాడమ్" అన్నాడు.

చదివాను. మూడో పేరు దగ్గర అక్కడి మీటింగు హాల్లో ఒకామె లేచింది.

"మా అమ్మ. అక్కడే ఉంది."

క్లినిక్ మూసేయాలా వద్దా అన్న ఓటింగు ఈరోజుకి ఆపారు.

అక్క