అక్కయ్య వద్దన్న గొట్టాలు

మధురానగర్,
సోమవారం.

చిరంజీవి కామరాజుకి అక్కయ్య దీవించి రాయునది.

ఫోనులో చెబితే సగంలోనే ఏడుస్తావు, అందుకే ఉత్తరం. నేను లివింగ్ విల్లు రాశాను. రేపెప్పుడైనా నాకు తెలివి తప్పి, ఇక కోలుకోనని డాక్టర్లు తేల్చేస్తే, వెంటిలేటరూ గొట్టాలూ పెట్టి నన్ను సాగదీయకూడదు. అప్పుడు నా బదులు ఆ మాట గట్టిగా చెప్పే మనిషి కావాలి. నీ పేరు రాశాను. సాక్షులుగా మా కింది అంతస్తు హాస్టలు పిల్లలిద్దరున్నారు. ఆ కాగితం ఇందులోనే పెట్టాను, నువ్వు సంతకం పెట్టి పంపు.

నాకు ఏ జబ్బూ లేదు. ఈ వాక్యం రెండుసార్లు చదువు.

ఇట్లు,
అరుణాదేవి

తా.క. నీ భార్య సుమశ్రీకి చెప్పకు. సంతోషిస్తుంది.

పంజాగుట్ట,
బుధవారం.

పూజ్యురాలైన అక్కయ్యకి నమస్కారాలు.

ఆఫీసుకి వెళ్తూ చదివి మెట్రో మెట్ల మీదే కూలబడ్డాను. జబ్బు లేదని అంత గట్టిగా రాశావంటే అది ఎంత పెద్ద జబ్బో నాకర్థమైంది. మనవాళ్ళందరికీ కబురు పెట్టాను. ధైర్యంగా ఉండు.

నీ తమ్ముడు,
కామరాజు

తా.క. రిపోర్టులు ఎక్కడ దాచావు?

మధురానగర్,
శనివారం.

కామరాజూ, దీవెనలు తర్వాత.

రెండు రోజుల్లో పదకొండు మంది వచ్చారు. పద్నాలుగు కొబ్బరిబోండాలు, తొమ్మిది బ్రెడ్డు ప్యాకెట్లు! జోగారావు బాబాయి నా మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఖాళీ మంచాన్ని చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. నేను వంటింట్లో ఆయనకే పెసరట్టు వేస్తున్నాను. ఆయన మనవరాలు హైందవి నా దుద్దులు పట్టుకుని చూసి, "ఇవి ఎవరికి రాశావు పెద్దమ్మా?" అంది. ఇది ఆస్తి విల్లు కాదురా మొర్రో! సంతకం పెట్టి పంపు.

అక్కయ్య

తా.క. బ్రెడ్డంతా హాస్టలు పిల్లలకిచ్చాను. నాకు నెలనెలా ఇలా అవుతుంటే బాగుండునంటున్నారు.

పంజాగుట్ట,
మంగళవారం.

అక్కయ్యకి నమస్కారాలు.

కాగితం పంపుతున్నాను. చూడ్డానికే అశుభంగా ఉందని నాలుగు మూలలా పసుపు రాసి, పైన 'శుభమస్తు' అని వేశాను. 'వెంటిలేటరు వద్దు' కొట్టేసి 'ఓ వారం చూద్దాం' అని దిద్దాను. సంతకం దశమి తర్వాత.

కామరాజు

తా.క. గొట్టంతో ఆహారం వద్దన్నదీ కొట్టేశాను. నువ్వు ఆకలికి ఆగలేవు కదా.

మధురానగర్,
గురువారం.

ఒరేయ్,

ఇది పనికొస్తుందా అని అమీర్‌పేటలో నోటరీ సారయ్యగారికి చూపించాను. నాలుగు మూలలూ చూసి, "లగ్గం ఎప్పుడమ్మా? పిల్లగాడు ఏం చేస్తుండు?" అన్నాడు.

అమ్మ గుర్తుందా? వెంటిలేటరు మీద ఇరవై రెండు రోజులు. డాక్టరు అడిగినప్పుడల్లా నువ్వు నా మొహం చూశావు, నేను నీ మొహం చూశాను. "మీ ఇష్టం డాక్టరుగారూ" అన్నాం. అమ్మ చేతులు మంచానికి కట్టేసి ఉన్నాయిరా. నాకు చావంటే భయం లేదు, ఆ మంచమంటే భయం. కొత్త కాగితం పంపుతున్నాను. చేతకాకపోతే చేతకాదని రాయి.

అక్కయ్య

తా.క. పసుపు డబ్బా దాచెయ్.

పంజాగుట్ట,
సోమవారం.

అక్కయ్యా,

చేతకాదు. డాక్టరు అడిగితే నేను 'ఇంకొక్క రోజు' అంటాను. నువ్వు పక్కన లేనప్పుడల్లా అలాగే అని, అమ్మకి ఇరవై రెండు రోజులు చేశాను. క్షమించు.

టేబులు మీద కాగితం పెట్టి, మొహం కడుక్కుని వచ్చేసరికి సుమశ్రీ మొత్తం చదివేసింది. నా పేరున్న కాగితం చింపేసి, అవే మాటలు ఒక్క అక్షరం మార్చకుండా కొత్తగా రాసి, తన పేరు వేసి సంతకం పెట్టింది. నీ సంతకానికి చోటు వదిలింది. శనివారం పదింటికి నోటరీ దగ్గర ఉంటుందట.

నీ తమ్ముడు,
కామరాజు

తా.క. వదినగారూ, ఇది సుమశ్రీ రాస్తున్నది. మీ మొదటి ఉత్తరం తా.క. కూడా చదివాను. ఇరవై ఏళ్ళలో మీరు చెప్పిన ఒక్కదానికీ నేను సరే అనలేదు. ఇదొక్కటి మాత్రం, మీ తమ్ముడు ఆసుపత్రి నేల మీద పడి దొర్లినా, మీరన్నట్టే చేయిస్తాను. నాదీ రాసుకున్నాను, అందులో మీ పేరు పెట్టాను. ఈయన్ని నమ్ముకుంటే మనిద్దరం పక్కపక్క మంచాల మీద ఉంటాం.