బ్రేకులు బాగానే ఉన్నాయి

కోయంబత్తూరు,
ఆదివారం

బాపూ,

ఫోన్‌లో చెప్పలేనని ఉత్తరం రాస్తున్నాను. మామూలు కారును రేసు కారుగా మార్చి నాకిచ్చింది నువ్వు. ఆ కారుతో నాలుగు కప్పులు గెలిచాను. మూడేళ్ల కింద ఇక్కడి ట్రాక్ మీదే అది గోడను గుద్దుకున్నప్పుడు, బ్రేకులు పడలేదని చెప్పాను. ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చుని "నా చేతులతోనే బిడ్డను సంపుకుంటుంటి" అని నువ్వు ఏడుస్తుంటే నిద్ర నటించాను. నాచారంలో నీ మెకానిక్ షెడ్డుకు నువ్వు తాళం వేసినా నోరు విప్పలేదు.

బ్రేకులు బాగానే ఉన్నాయి బాపూ. అప్పటికి ఆరు నెలలుగా నా ఎడమ కన్ను మసకబారుతూ వచ్చింది. చెబితే రేసులకు రానివ్వరని దాచాను. మలుపు దగ్గరికొచ్చిందని తెలిసేసరికే ఆలస్యమైంది. తర్వాత భయమేస్తోందని అబద్ధమాడి డ్రైవింగ్ మానేసి, కామెంటరీలో చేరాను.

ఇవాళ ఫైనల్. పదో ల్యాప్‌లో ఒక కారు సరిగ్గా ఆ మలుపులోనే జారింది. నాతోపాటు కామెంటరీ చెబుతున్న జగన్మోహన్ గారు "మీకూ ఇక్కడే బ్రేకులు ఫెయిలయ్యాయి కదండీ!" అన్నారు. అవునంటే సరిపోయేది.

"లేదండీ. మా బాపు బిగించిన బ్రేకులు మంచిగనే ఉండె. నాకే కన్ను కనబడలే. అబద్ధం జెప్పిన," అన్నాను మైకులోనే.

చివరి ల్యాప్‌లో మూడు కార్లు పక్కపక్కనే వస్తుంటే కుర్చీలోంచి లేచి "లోపలికెల్లి దూరిండు! సూడున్రి, గెలిచిండు!" అని అరిచాను. కిందికి దిగితే మెకానిక్‌లంతా చప్పట్లు కొట్టారు. కప్పు గెలిచిన రోజున కూడా నాకింత తేలికగా లేదు.

నువ్వు రేసులు చూడటం మానేశావని అమ్మ చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

నీ సంతోషి

నాచారం,
శనివారం

బిడ్డా సంతోషీ,

మీ అమ్మకు తెలియకుండా నీ కామెంటరీలన్నీ విన్నాను. ఆదివారం ఉప్పల్‌లో, నా దగ్గర పని నేర్చుకున్న ఉపేందర్ షాపులో ఇరవై మంది మధ్య కూర్చుని విన్నాను. నువ్వు ఆ మాట అనగానే లేచి బయటికొచ్చేశాను. మస్తు కోపమొచ్చింది. ఈ మూడేళ్లూ పానా పట్టుకుంటే నా చేతులు వణికేవి. రెండు రోజులు అన్నం సహించలేదు.

మంగళవారం ఉపేందర్ ఇంటికొచ్చి "ఉస్తాద్, అంతమంది ముంగట ఒప్పుకున్నది. నువ్వైతే ఒప్పుకుంటుంటివా?" అన్నాడు. నిజమే, నేనైతే ఒప్పుకునేవాణ్ణి కాదు.

మర్నాడు షెడ్డు తెరిచాను. దీప అనే కొత్త డ్రైవరు తన కారు తెచ్చి "సంతోషక్క వాళ్ల బాపే బ్రేకులు బిగియ్యాలె" అని పట్టుబట్టింది. బిగించాను. చేతులు వణకలేదు.

వచ్చే నెల చెన్నైలో ఆ పిల్ల రేసుకు కామెంటరీ నీదేనట. నా పనితనమని పొగడకు. వెనకబడితే వెనకబడిందనే చెప్పు. గెలిస్తే మాత్రం నాచారం దాకా వినబడేటట్టు అరువు.

మీ బాపు
సాంబయ్య