పాస్‌పోర్టులో మహమ్మద్ గౌస్

హవల్లీ, కువైట్,
12-6-1981

బావగారికి,

మొదట నమస్కారం. క్షమాపణ కూడా ఉంది, అది చివర్లో చెప్పుకుంటాను. అందాకా ఉత్తరం చించకండి.

రాస్తున్నది మీ ఇంటికే అయినా, అడుగుతున్నది మీలోని కడప కోర్టు శిరస్తాదారుని. త్వరలో ఎంబసీ నుంచి మీ జిల్లాకు ఒక కాగితం వస్తుంది. కువైట్‌లో చనిపోయిన మహమ్మద్ గౌస్ అనే కూలీకి వారసులెవరో విచారించమని. అందులో రాయచోటి దగ్గర ఒక పల్లె పేరు ఉంటుంది. చిక్కేమిటంటే మహమ్మద్ గౌస్ చనిపోలేదు. ఆ పల్లెలోనే టీ కొట్టు నడుపుకుంటున్నాడు.

చనిపోయింది అతని చిన్నాన్న కొడుకు హుస్సేన్ పీరా. నాలుగేళ్ళ క్రితం గౌస్‌కు వీసా వచ్చింది. తీరా బయలుదేరే వారానికి భార్య కాన్పు కష్టమై అతను ఆగిపోయాడు. వచ్చిన వీసా పాడవడం ఎందుకని ఆ పాస్‌పోర్టు మీద పీరా విమానం ఎక్కేశాడు. ముఖాలు కాస్త కలుస్తాయి, ఇద్దరికీ గడ్డాలే. ఇలాంటి వాళ్ళు మా కంపెనీలో ఇంకా ఉన్నారు. హాజరు పిలిస్తే మొదటిసారి పలకరు. రెండోసారికి తమ పేరేదో గుర్తొస్తుంది.

అర్దియా గోడౌనులో, కూలీలను ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితాలు రాసేది నేనే. శుక్రవారాలు చదువురాని వాళ్ళకు ఇంటికి ఉత్తరాలు రాసిపెట్టేదీ నేనే. కాబట్టి నాకు అన్నీ తెలుసు. ఇఖామాలో గౌస్ అని రాసిన చేత్తోనే ఉత్తరం కింద పీరా అని రాసేవాణ్ణి.

వింత మనిషి. ఉత్తరం మొదలుపెడితే ముందు బర్రె సంగతే. బర్రె మేత తింటోందా, బర్రె చూడి కట్టిందా. “ఏమయ్యా, పెళ్ళాం ఎలా ఉందో అడగవా?” అంటే, “బర్రె బాగుంటే ఆమె బాగున్నట్టే గదన్నా, దాన్ని చూసేది ఆమే గదా” అనేవాడు. హవల్లీ బజారులో ఒంటె మెడకు కట్టే గంట ఒకటి కొన్నాడు, బర్రెకు కడతానని.

ఫిబ్రవరిలో సిమెంటు మూటలు దించుతూ కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. ఆసుపత్రి కాగితంలో పేరు నేనే రాయాల్సి వచ్చింది. నిజం రాస్తే, నాలుగేళ్ళుగా తెలిసీ దాచావే అని మా యజమాని కఫీల్ ముందు నన్నే నిలబెడతారు. మహమ్మద్ గౌస్ అని రాశాను. సులైబిఖాత్ ఖబరస్తాన్‌లో అదే పేరుతో పూడ్చారు. సామాను పెట్టెకు జాబితా రాసి సీలు వేయించాను. గంట మాత్రం జాబితాలోకి ఎక్కలేదు. ఎందుకు ఎక్కించలేదో నాకే తెలియదు. నా బల్ల మీద ఉంది.

ఇక క్షమాపణ. అతని భార్య బుడేన్‌బీకి ఈ సంగతి రాద్దామని కూర్చున్నాను బావగారూ, చెయ్యి ఆడలేదు. బతికున్నట్టే రాశాను. ఆమె ఎరిగిన మొగుడి చేతిరాత నాదే గదా! నాలుగు నెలలుగా పీరా పేరుతో ఉత్తరాలు రాస్తున్నాను, నా జీతంలోంచి డ్రాఫ్టు పంపుతున్నాను. అతను ఏనాడూ అడగని మాట, “బుడేనూ, నీ ఒంట్లో ఎలా ఉంది?” అన్నది ప్రతి ఉత్తరంలోనూ మొదటే రాస్తున్నాను. ఆ మాత్రం మంచిమాట ఆమెకు దక్కనీ అనుకున్నాను. మీ కాగితం ఆ ఊరు చేరితే ఆమెకు తెలిసిపోతుంది. ఆపే దారేమైనా ఉందా?

మీ బావమరిది,
వెంకటసత్యనారాయణ

*

కడప,
3-9-1981

చిరంజీవి సత్యానికి,

నీకు బుద్ధి లేదు. ఇది ముందే రాసేస్తే మిగతాది నిదానంగా రాయొచ్చు. మీ అక్క నాకంటే గట్టిగా అంది కానీ అది రాయను.

ఆపే దారి లేదు. వారసుడు తేలని సొత్తును సర్కారు తీసుకోవచ్చు, తీసుకునే ముందు ఊళ్ళో దండోరా వేయించాలి. దొరలు పెట్టిన పద్ధతి. ఊళ్ళో గొడవలుంటే నలుగురి కంటే ఎక్కువమంది ఒకచోట చేరకూడదని ఆర్డరు వేస్తారు. అదీ దొరలు పెట్టిందే. ఈ రెండూ ఒకే ఊళ్ళో ఒకే రోజు తటస్థపడితే ఏం చేయాలో మాత్రం వాళ్ళు రాసిపెట్టి పోలేదు. ఆ పల్లెలో రెండు వర్గాలు కొట్టుకుని నెల తిరగలేదు, నూట నలభై నాలుగో సెక్షన్ అమల్లో ఉంది. ఆ ఊరికే మా కోర్టు బంట్రోతు అమీనా తప్పెట వాణ్ణి వెంటబెట్టుకుని పోయాడు.

వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. టీ కొట్టు ముందు తప్పెట మోగింది. “కువైట్‌లో చనిపోయిన మహమ్మద్ గౌస్ వారసులు ఎవరైనా ఉంటే కోర్టుకు రావలెనహో!” కొట్లో గౌస్ టీ వడపోస్తున్నాడు. క్షణంలో యాభైమంది పోగయ్యారు. “ఏం గౌసన్నా, ఎప్పుడు సచ్చిపోతివి? ఒక్క మాటన్నా చెప్పకపోతివే!” అని ఒకడు. “సచ్చినోని చేతి టీ నాకొద్దబ్బా!” అని ఇంకొకడు. నవ్వులు. అంతలో జీపు వచ్చింది. గుంపు కట్టినందుకు తప్పెట వాణ్ణి, గౌస్‌ను ఎక్కించుకుని పోయారు. కోర్టు ఉత్తర్వు చూపిస్తున్నా మా అమీనా గోడు వినే నాథుడు లేడు.

స్టేషన్లో ఎస్సై పేరడిగాడు. పాస్‌పోర్టు సంగతి బయటపడుతుందని భయపడి గౌస్, “హుస్సేన్ పీరా సార్” అన్నాడు. అలాగే రాసుకుని సాయంత్రానికి వదిలేశారు.

చూశావా? ఇప్పుడు కాగితాలన్నీ అతికిపోయాయి. గౌస్ చచ్చాడు, పీరా బతికున్నాడు. గౌస్ భార్య అర్జీ పెడితే పెట్టె ఆమెకు వస్తుంది, ఆమె తీసుకెళ్ళి బుడేన్‌బీకి ఇస్తుంది. నీ ఉద్యోగమూ నిలుస్తుంది. నేను కూడా ఒక పూట ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు పొద్దున బుడేన్‌బీ కోర్టుకు వచ్చింది. ఉత్తరాలు రాసింది నువ్వేనని నేనే చెప్పాను; ఎందుకు వచ్చిందో ఆమె మాటల్లోనే చదువుకో. ఉత్తరం ఇందులోనే పెడుతున్నాను. చదివాక ఏం చేయాలో నన్ను అడగవద్దు.

ఆశీస్సులతో,
భీమరాజు

*

సత్యనారాయణ అన్నకు,

హుస్సేన్ పీరా పెండ్లాం బుడేన్‌బీ సలాం. నాకు రాత రాదు. నేను చెప్పేది చెప్పినట్టే గౌసు రాస్తాండాడు.

మా ఆయన పొయినాడని నాకు ఉగాది ముందరే తెలుసన్నా. ఎవురూ చెప్పలా. నువ్వే చెప్తివి. “బుడేనూ, నీ ఒంట్లో ఎలా ఉంది” అని వచ్చె. గౌసు సదవతాంటే నడమనే ఆపితి. బర్రె మాట యాడుందిరా అంటి. తిప్పి తిప్పి చూసి, లేదక్కా అనె. నాలుగేండ్లలో నన్నొక్కమాట అడగని మనిషి, బర్రెను మర్సిపోయి నన్నడిగినాడంటే ఆ మనిషి లేడని గదన్నా. నువ్వు మంచిగా రాస్తివి. అదే నువ్వు జేసిన తప్పు.

నాలుగు నెల్ల పది దినాలు గడప దాటలా. మొగుడు పోయినోళ్ళుండే ఇద్దత్ అని ఎవురికీ చెప్పలా, జొరమని చెప్తి. నువ్వు పంపిన డ్రాఫ్టులు అట్లనే పెట్టెలో ఉండాయి, ఒక్కటీ మార్చలా. బయటపడితే గౌసును పట్టుకపోతారు, వానికి ముగ్గురు పసిబిడ్డలు. దానికే నోరు మూసుకుంటి. నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా చదివించుకుంటి, గూట్లో పెడితి.

ఇప్పుడు పోలీసోళ్ళ పుస్తకంలో నా మొగుడు టీ కొట్లో కూసోనుండాడంట. గౌసు పెండ్లానికి మొగుడు సచ్చినాడంట. ఇదేం న్యాయమన్నా? ఇన్ని దినాలు దాంకోని ఏడిస్తి. బతికినన్నాళ్ళూ దాంకోని ఏడ్చాల్నంటే నా చేత గాదు. ఆయప్ప పెండ్లాన్ని నేను. నేను ఏడ్చేది ఊరంతా సూడాల.

గౌసుకు చెప్తి. తెల్లారి, “పా అక్కా, పేరు ఇచ్చినోన్ని నేనే, వాపసు తీసుకొనేది గుడక నేనే” అన్యాడు. జడ్జి ముందర ఇద్దరమూ చెప్తిమి. గౌసు మీద కేసు రాసినారు, జామీను మీద ఇడిసినారు. ఆ కువైటు పెట్టె సర్కారుకు పోతే పోనీ, దాంట్లో ఆయన లేడు గదా.

నాకు ఒగటే కావాల. ఆయన్ని పూడ్సిన తావున ఆయన పేరు రాయించన్నా. గౌసు పేరుమీద ఫాతిహా ఎట్ల సదవాల, వాడు ఎదురుగా టీ కాస్తాంటే?

బర్రె ఈనింది. పెయ్య దూడ.

బుడేన్‌బీ వేలిముద్ర

*

హవల్లీ,
17-10-1981

బుడేన్‌బీకి,

బర్రె ఎలా ఉంది? పాలు చేపుతోందా? పెయ్యకు నల్లరంగే వచ్చిందా?

నీ ఉత్తరం పదిహేను రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. గౌస్‌కు ఉన్న ధైర్యం నాకు రావడానికి అన్ని రోజులు పట్టింది. తర్వాత కఫీల్ దగ్గరికి పోయి, కాగితంలో తప్పు పేరు రాసింది నేనేనని చెప్పాను. ఆయన అరవలేదు. నా ఇఖామా పక్కకు పెట్టి “ఖలాస్” అన్నాడు. ఎంబసీలో కూడా రాసిచ్చాను. రెండు వారాలు నాలుగు ఆఫీసులు తిరిగాక పేరు మార్చే కాగితం మీద ముద్ర పడింది.

నిన్న శుక్రవారం సులైబిఖాత్ పోయాను. రాయి చిన్నది. దాని మీద అరబ్బీలో హుస్సేన్ పీరా అని రాయించాను. అరబ్బీ నాకు రాదు కాబట్టి అక్కడున్న ఒక ముసలాయన చేత మూడుసార్లు చదివించుకుని విన్నాను. మూడుసార్లూ పీరా అనే చదివాడు. రాయి పక్కన కూర్చుని ఏడ్చాను.

నెలాఖరు విమానంలో వచ్చేస్తున్నాను. కడపలో దిగగానే మా బావగారి చేత నాలుగు తిట్లు తిని, మీ ఊరి బస్సెక్కుతాను. పీరా కొన్న గంట నా సంచిలో ఉంది. జాబితాలో లేదు కనుక దాన్ని ఏ సర్కారూ అడగదు. బర్రె మెడకు కడతావో, పెయ్య మెడకు కడతావో నీ ఇష్టం.

ఈ ఉత్తరం నాతో ఎవరూ రాయించలేదు.

వెంకటసత్యనారాయణ