నల్లంచు చీర

అత్తా,

నిన్నటితో నీ సంవత్సరీకం ముగిసింది. నువ్వు ఇంట్లో కూర్చుని చేసిన పట్టుచీరల బేరం ఇప్పుడు ఫోన్‌లో ఏఐ చేస్తోంది. ఫోటోలు, ధరలు నీ కొడుకు దానికి ఎక్కించాడు. రంగులు, కొలతలు నేను ఒక్కొక్కటే సరిచూసి ఇచ్చాను. దానికి చెప్పాల్సింది ఇంకేమీ మిగల్లేదనుకున్నాను.

కదిరి నుంచి నీ దగ్గర ఎప్పటినుంచో కొనే లక్ష్మక్క తన కూతురి పెళ్ళికి చీర అడిగితే, ఆ ఏఐ నల్లంచు చీర పంపింది. ఈరోజు ఆమె దాన్ని తిరిగి తెచ్చి అరుగు మీద పెట్టింది.

"మీయమ్మ ఉన్నప్పుడు పెండ్లికా, ఊరికే కట్టుకునేదానికా అని ముందు అడుగుతాండె. పెండ్లంటే నలుపు బయటికి తీసేదే కాదు."

"అది మిషనక్కా. చెప్పిందే చేస్తాది," అన్నాడు నీ కొడుకు.

"చెప్పాల్సింది నువ్వే గదప్పా. ఇంగ నేను ఈడికి రాను."

ఇప్పటికి చాలామంది ఇలాగే మన దగ్గరికి రావడం మానేశారు. అమ్మ ఇంకా ఏమేం అడిగేదో చెప్పు, ఎక్కిస్తానని నీ కొడుకు నా ముందు కూర్చున్నాడు. నలుపు సంగతి చెప్పాను. ఆ తర్వాత ఒక్కటీ తోచలేదు.

నువ్వు చీరలు పరిచేటప్పుడు నేను వంటింట్లో వచ్చినవాళ్ళకి టీ కాస్తుండేదాన్ని. ఎవరికి చక్కెర ఎంత వేయాలో మాత్రం అందరిదీ గుర్తుంది.

నీ కోడలు