శకుంతలమ్మ వండిన పితికిపప్పులో మందు లేదని

నేరేడుమానుపల్లె, పాకాల మండలం,
చిత్తూరు జిల్లా.
తేది: 3-7-2006

శ్రీయుత సూపరింటెండెంటు గారికి,
ఆరోగ్యలక్ష్మి ధర్మాసుపత్రి, తిరుపతి.

అయ్యా,

విషయం: తమ ఆసుపత్రిలో ఆగిపోయిన నరాల కరెంటు చికిత్సను తిరిగి ప్రారంభించుట గురించి, మరియు నా కడుపు జబ్బుకు కారణం తెలుపుతూ ఒక ధ్రువపత్రం ఇప్పించుట గురించి.

మా పక్కింటి శకుంతలమ్మ గారు శ్రావణం రాగానే ఊరు విడిచి వెళ్లిపోతున్నారు. ఆషాఢంలో ఇల్లు మారరు కనుక ఇంకా ఇక్కడ ఉన్నారు. ఆమె వెళ్లడానికి కారణం నా కడుపు. అందువల్ల ఈ అర్జీ ఇప్పుడే రాయవలసి వచ్చింది. ఆమె వెళ్లిన తరువాత తమరు ఎంత దయతో జవాబిచ్చినా అది నాకు పనికిరాదు.

నేను దొరస్వామి, నిర్మలమ్మల కుమార్తె ధరణిని. మాది చెరకు, వేరుశనగ పండించుకునే కుటుంబం. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే కనుక చూసి దిద్దేవారు లేరు. తప్పులుంటే మన్నించగలరు. నా ఇబ్బందులను ఈ కింద వరుసగా మనవి చేసుకుంటున్నాను.

1. డిగ్రీ రెండో సంవత్సరంలో నాకు విషజ్వరం వచ్చింది. జ్వరం పోయింది గాని ఆకలి తిరిగి రాలేదు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేది. తిన్నది రాయిలాగా కూర్చుని, ఎప్పటికో వాంతి అయ్యేది. గ్యాసు మాత్రలు, జీలకర్ర కషాయం, వాము నీళ్లు అన్నీ అయ్యాయి.

2. కిందటి ధనుర్మాసంలో శకుంతలమ్మ గారు పితికిపప్పు వండి నన్ను పిలిచి పెట్టారు. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజను వేళ్లతో పితికి తొక్క తీసి వండే కూర అది. అంత ఓపికగల పని నా కోసం చేశారు. మరుసటి రోజు మధ్యాహ్నం ఆ గింజలు గింజలుగానే వాంతిలో వచ్చాయి. మా అమ్మ భయపడి నన్ను మునెయ్య దగ్గరికి తీసుకుపోయింది.

మునెయ్య మందు కక్కించే మనిషి. తమరికి తెలియకపోవచ్చునని మనవి చేస్తున్నాను. మా వైపు 'మందు పెట్టినారు' అంటే, గిట్టనివారు తిండిలో ఏదో కలిపి మనిషిని కొంచెం కొంచెంగా ఎండబెడుతున్నారని అర్థం. మునెయ్య ఆకు పసరు తాగించి మళ్లీ కక్కించాడు. పళ్లెంలో పుల్లతో కెలికి, మిగిలిన రెండు గింజలను పక్కకు తీశాడు.

"నిన్న తిన్నది ఈపొద్దు ఇట్లే ఉండాదంటే ఇది ఉత్త పప్పు కాదు. దీంట్లో కలిపినారు. యాడ తిన్నావు పాపా?" అన్నాడు.

ఎక్కడ తిన్నానో చెప్పాను. అడిగినదానికి నిజం చెప్పడమే నాకు బడిలో నేర్పారు.

3. మా రెండిళ్ల నడుమ నడుమెత్తు గోడ ఉంది. నేను పుట్టక ముందు నుంచీ ఆ గోడ మీదుగా గిన్నెలు వచ్చిపోతున్నాయి. వచ్చిన గిన్నెను ఖాళీగా పంపే ఆచారం లేదు. ఏమీ లేకపోతే ఒక బెల్లం ముక్కైనా వేసి ఇస్తాము. ఆ రోజు మా అమ్మ శకుంతలమ్మ గారి గిన్నెను కడిగి, తుడిచి, ఖాళీగా గోడ మీద బోర్లించింది.

"ఏందిది నిర్మలా?" అన్నారు ఆమె.

"నీ గిన్నె నీకే, వదినా. మా పిల్లకు ఏం పెట్టినావో నీకు తెలుసు."

"పప్పు పెట్టినా. ఉప్పు రవ్వంత ఎక్కువయింటుంది. ఇంకేం పెట్టినానే?"

మా అమ్మ లోపలికి వచ్చేసింది. శకుంతలమ్మ గారు ఆ గిన్నెను వెల్లకిలా తిప్పి, లోపల చూసి, తీసుకుపోయారు. ఆమె తప్పేమీ లేదని నేను అమ్మకు, నాయనకు చెప్పాను. మందు తిన్న పిల్ల పెట్టినవాళ్ల వైపే మాట్లాడుతుందని మునెయ్య ముందే చెప్పి ఉన్నందున నా మాట ఎవరూ లెక్క చేయలేదు.

ఆమె భర్త లేరు. మురుకులు చేసి అమ్ముకుని కొడుకు రవిచంద్రను చదివించారు. ఇప్పుడు ఆ మురుకులు ఊళ్లో ఎవరూ కొనరు. చెంగయ్య గారి గృహప్రవేశంలో ఆమె అన్నం గంపతో వడ్డించడానికి వంగితే, బంతిలో కూర్చున్నవాళ్లు ఆకుల మీద చేతులు అడ్డం పెట్టారు. ఆమె ఆ గంపను అక్కడే దించి ఇంటికి వచ్చేశారు.

4. తరువాత మా బాటనీ మేడం చెప్పగా తమ ఆసుపత్రికి వచ్చాను. డాక్టర్ రూపశ్రీ గారు నాకు ఇడ్లీ తినిపించి, అది కడుపులో ఎంతసేపు ఉంటుందో మిషన్‌లో చూశారు. సాయంత్రానికి కూడా అది అక్కడే ఉంది. కడుపుకు దాని లయ దానికి ఉంటుందట. నిమిషానికి మూడు సార్లు అల లేచి తిన్నదాన్ని ముందుకు తోస్తుందట. నాకు జ్వరం తరువాత ఆ అలను నడిపే నరాలు మందగించినట్టున్నాయని, అందుకే తిన్నది తిన్నట్టే ఉండిపోతున్నదని చెప్పారు.

నా మణికట్టు లోపలి వైపు, మోకాలి కింద బిళ్లలు అంటించి సన్నగా కరెంటు పెట్టారు. చీమలు పాకినట్టు ఉండేది. ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పలేనని, నాకు పనిచేస్తుందో లేదో చూద్దామని అన్నారు. వారానికి రెండు సార్లు వచ్చేదాన్ని. తిన్నావా అని కాకుండా, తిన్నది ఎట్లా ఉంది అని నన్ను అడిగిన మనిషి ఆమె ఒక్కరే.

వేసవి మొదటికి వాంతులు తగ్గాయి. ఒకరోజు ఇంట్లో రాగి సంగటి ముద్ద పూర్తిగా తిన్నాను. మా అమ్మ ఏడ్చింది. ఏడ్చి, లేచి, మునెయ్యకు కోడిని పంపించింది. మందు కక్కించినందువల్లనే తగ్గిందని ఊరంతా అనుకుంది. కరెంటు గురించి చెబితే మా నాయన, "కరెంటు మోటరుకు పెట్టేది గాని మనిషికి యాడన్నా పెడతారా?" అన్నాడు.

5. నాకు తగ్గినందుకు అందరికంటే ముందు శకుంతలమ్మ గారికి చెప్పాలని వాళ్లింటికి పోయాను. ఆకలిగా ఉందత్తా, పెట్టు అన్నాను. ఆ మాట నా నోట వచ్చి చాలా కాలమయింది. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"నా చేత్తో నేను పెట్టను పాపా. కుండ ఆడుండాది. నువ్వే పెట్టుకో" అన్నారు.

నేనే పెట్టుకుని తిన్నాను. ఆమె అంతసేపూ చేతులు కొంగులో దాచుకుని నిలబడ్డారు. నేను ఆ ఇంట్లో తినడం వీధిలో పోయేవాళ్లు చూశారు.

సరిగ్గా ఆ వారమే డాక్టర్ గారికి బదిలీ అయింది. చికిత్స గదికి తాళం పడింది. కొన్నాళ్లకు నా వాంతులు తిరిగి వచ్చాయి. ఈ పిల్ల మళ్లీ అక్కడ తిన్నది, ఆమె మళ్లీ మందు పెట్టింది అని ఊళ్లో అన్నారు. ఇంక ఆమె ఉండలేక నాయుడుపేటలో ఫ్యాక్టరీ పనిలో ఉన్న కొడుకు దగ్గరికి బయలుదేరుతున్నారు.

6. నేను ముద్ద ఎత్తితే మా అమ్మ, నాయన ఆ ముద్ద వైపే చూస్తారు. ప్రేమతోనే చూస్తారు గాని గొంతు దిగదు. వాళ్లు పొలానికి పోయాక పెరట్లో కూర్చుని తింటున్నాను. గోడ అవతల ఆమె కూడా అదే వేళకు తింటారు. గిన్నె చప్పుడు వినబడుతుంది. ఇద్దరం మాట్లాడుకోము. తిరుపతి బస్సులో కొండ దిగి వచ్చినవాళ్లు నా చేతిలో లడ్డు పెడతారు. వద్దనలేను, తినలేను. రుమాల్లో కట్టుకుని తెచ్చి గోడ మీద పెడుతున్నాను. మరునాటికి అక్కడ ఉండదు. ఆమె తీసుకుంటున్నారో, కాకులు తీసుకుపోతున్నాయో నాకు తెలియదు.

7. మిషన్ గురించి అడగడానికి పలుసార్లు తమ ఆసుపత్రికి వచ్చాను. అక్కడ పనిచేసే సునీల్‌కుమార్ గారు మర్యాదగానే చెప్పారు. "మిషన్ బాగానే ఉండాది తల్లీ. తాళం కూడా ఈడే ఉండాది. పెట్టమని రాసే డాక్టరే లేరు" అన్నారు. ఆయన తప్పు ఏమీ లేదు.

కావున తమరిని రెండు కోరుతున్నాను. ఒకటి, నా జబ్బు నరాల మందగింపు వల్ల వచ్చినదనీ, ఈ జబ్బులో నిన్న తిన్నది ఈరోజు చెక్కు చెదరకుండా బయటికి రావడం సహజమనీ, దానికి వండినవారు, పెట్టినవారు కారణం కారనీ ఆసుపత్రి ముద్రతో రాసి ఇప్పించడం. రెండు, వేరొక డాక్టరు గారి ద్వారా ఆ చికిత్సను తిరిగి మొదలుపెట్టించడం.

రెండింటిలో ఒకటే వీలవుతుందంటే మొదటిది చాలును. కడుపు సంగతి నేను ఓర్చుకోగలను.

ఇంతకంటే చక్కగా రాయడం నాకు రాదు. రాసినంత వరకు దయతో చిత్తగించవలెనని ప్రార్థిస్తూ,

తమ విధేయురాలు,
డి. ధరణి

తా.క.: పై ధ్రువపత్రాన్ని కవరులో పంపవద్దని మనవి. కార్డు మీద, తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించండి. మా పోస్ట్‌మేన్ ఆదిమూలం అన్నకు కార్డు ఇంటికి చేర్చే ముందు టీ బంకు దగ్గర గట్టిగా చదివే అలవాటు ఉంది. నా పరీక్ష ఫలితం కూడా నాకంటే ముందు ఊరందరికీ తెలిసింది. అప్పుడు చాలా కోపం వచ్చింది. ఈసారి చదవనివ్వండి. చిరునామా దగ్గర నా పేరు కాక 'శకుంతలమ్మ గారికి' అని రాయించండి. ఆమెకు చదువు రాదు కనుక కార్డు పట్టుకుని గోడ దగ్గరికి వచ్చి నన్నే పిలవాలి. ఈ నెల ఇరవయ్యో తేదీలోగా చేరేటట్టు చూడగలరు.