ధర పడ్డ రోజు పింజ

అన్నయ్యా,

ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు. ఈ ఉత్తరం వదినకు చూపించకు, ముందు నువ్వొక్కడివే చదువు.

పోయిన వారం కంపెనీకి తెచ్చిన నీ పత్తిని రెండో రకమని రాశాను కదా. అది అబద్ధం. నువ్వేమో "సరేలే తల్లీ, వాన తగిలిందేమో" అని నాకే సర్దిచెప్పి వెళ్ళావు. వాన తగల్లేదు అన్నయ్యా. చిటికెడు దూది తీసి, రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి, నల్లగుడ్డ మీద పరిచి కొలిచాను. పద్నాలుగేళ్ళుగా చేస్తున్న పని, నా వేళ్ళు పొరబడవు. పింజ పొడుగ్గా, ఒక్కో పోగూ శుభ్రంగా ఉంది. మొదటి రకమే.

ఆ పొద్దున మేనేజరు నా బల్ల దగ్గరికొచ్చి, సముద్రాల అవతల ధర పడిందన్నాడు. విత్తనాలప్పుడు మీతో కుదుర్చుకున్న ధరను కంపెనీ తగ్గించకూడదు, ఒప్పందం ఉంది. నాణ్యత తగ్గిందంటే మాత్రం అడిగేవాళ్ళు లేరు. అందుకే ధర పడ్డప్పుడల్లా మా దగ్గర పింజ పొట్టిదైపోతుంది. మరి అక్కడి రైతులకూ ధర పడిందిగా, వాళ్ళ గతేమిటని అడిగాను. "వాళ్ళ లోటు వాళ్ళ సర్కారు పూడుస్తుందమ్మా. ఏడాది తిరిగేసరికి మళ్ళీ అంతే పండిస్తారు, ధర ఇంకా పడుతుంది. మనవాళ్ళకు పూడ్చేదెవరు?" అన్నాడు. పాపం, నిజంగానే బాధపడ్డాడు. బాధపడుతూనే రెండో రకం ముద్ర నా ముందుకు జరిపాడు.

నీకొక్కడికే కాదు, ఊరందరికీ ఇన్నేళ్ళుగా ఇదే చేశాను. చెప్పడానికి నోరు రాలేదు. ఇక నావల్ల కాదు. ఒకటో తారీకు నుంచి మానేస్తున్నాను, కాగితం రాసిపెట్టుకున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టు, మాట్లాడ్డం మాత్రం మానకు.

నీ చెల్లెలు

---

చెల్లాయ్,

తిట్టడానికి ఓపిక లేదు, రెండో విడత పత్తి ఏరుతున్నాం. మీ వదిన నీ ఉత్తరం నాకంటే ముందే చదివింది. ఈ ఇంట్లో తన కన్నుగప్పి వచ్చే ఉత్తరం ఇంకా పుట్టలేదు.

నువ్వు రాసింది మాకు కొత్త కాదు. రేడియోలో ధర పడిందని వింటే చాలు, మా పత్తి రెండో రకమైపోయిందని ఇక్కడ అందరికీ అర్థమైపోతుంది. నువ్వు తలెత్తలేకపోతున్నావనే ఆ వాన మాట అన్నాను. కోపం రాలేదని చెప్పను. చాలాసార్లు వచ్చింది.

అయినా అందరం నీ బల్ల దగ్గరే ఎందుకు నిలబడతామనుకున్నావు? పక్క బల్ల పెద్దాయన రకాన్ని రెండు మెట్లు దించుతాడు. నువ్వు ఒకటే దించుతావు. ఆ ఒక్క మెట్టు తేడాతోనే పోయినేడు పెద్దదాన్ని కాలేజీలో చేర్చాం. నువ్వు లేస్తే ఆ కుర్చీ కోసం మేనేజరు బావమరిది కాచుకుని ఉన్నాడట.

మానేస్తే నీకు హాయిగానే ఉంటుంది. ఆ హాయి ఖర్చు మేం భరించలేం తల్లీ. ఇంకొన్నాళ్ళు కూర్చో. బుధవారం పత్తి తెస్తున్నాను. ధర ఇంకా పడింది. నా ముఖం చూడకుండా రాసెయ్.

నీ అన్నయ్య