అక్క చెరకు కోత పాట

అక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈ రోజు బోధన్‌లో నీ జ్ఞాపకార్థ కూటానికి నీతో చెరకు కోసిన ఆడవాళ్లంతా వచ్చి, నువ్వు పాడిన పాట తమకేమిటో చెప్పుకున్నారు.

"గా పాట ఇంటే నడుం నొప్పి యాదికి రాకపోతుండె" అంది సాయవ్వ.

"నా మొగడు తిడితె జవాబియ్యక గదే ఎత్తుకుంటుంటి" అంది ఇంకొకామె.

వాళ్లు పాడబోతుంటే చర్చి సంఘపెద్ద లేచి, "దేవునియి గాని లోకం పాటలు గీడ వద్దు" అన్నాడు.

నా బైబిలు ఆయన చేతిలో పెట్టాను. "కష్టం చేసేటోళ్ల పాట పాపమని ఏడ రాసుందో సూపెట్టు పెద్దయ్యా. గప్పటిదాంక పాడుతనే ఉంటరు."

ఆయన పేజీలు తిప్పుతూ ఉండగానే వాళ్లు పాట మొత్తం పాడేశారు.

నీ బాప్తిస్మం నాడు ఆ పాట మానమన్నది నేనే. ఎదురడగకుండా, తమ్ముడి మాట కదా అని పాట మానేశావు. వచ్చే ఆదివారం చర్చిలో ఆ తప్పు అందరి ముందూ ఒప్పుకుని, పాట నేనే ఎత్తుకుంటాను. నచ్చనివాళ్లు బయట నిలబడి వినొచ్చు.

నీ తమ్ముడు